మేడమ్ సున్నా చుట్టిన ‘మనం’

జిరాక్స్ మిషన్ లోంచి అప్పుడే బయటికి వచ్చిన కాగితం అరచేతిలో కాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి ఒక వాసన కూడా ఉంది. మొన్న కుసుమంచి బస్టాండు ఎదురుగా ఉన్న షాపులో, తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఒక పాఠం కాపీలు తీయిస్తూ ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. షాపు యజమాని యాదగిరి నన్ను వింతగా చూశాడు. ఆయనకు నా మీద అంతకుముందే ఒక అనుమానం ఉంది. కాపీ తీయించే ప్రతిసారీ రాసినవారి పేరు మీద చిన్న తెల్లకాగితం ముక్క పెట్టమంటాను. “మేడమ్, గీ ముక్క పెడ్తె రాసినాయన పేరు వస్తలేదు గదా” అన్నాడు. రాకూడదనే పెట్టమన్నానని చెప్పాను. చదువు ఎక్కువైతే మనుషులు ఇలాగే అవుతారన్నట్టు తల ఊపి, మిషన్ మూత వేశాడు.

ఆ తెల్లకాగితం ముక్క నాది కాదు. అది ప్రమీల మేడమ్ నుంచి నాకు వచ్చింది. ఆమె పోయిన నెల పోయారు. పాత విద్యార్థులు కలిసి ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. కాలేజీలో ఇప్పుడు చదివే పిల్లలకు పంచుతారట. నన్ను కూడా రాయమన్నారు. మూడు వారాలుగా మొదటి వాక్యం దగ్గరే కూర్చున్నాను. రాయడానికి విషయం లేక కాదు. మొదటి వాక్యంలో ఒక మాట దగ్గర చిక్కుకున్నాను. అది ఏ మాటో చెప్పాలంటే ముందు ఆమె గురించి చెప్పాలి.

పాల్వంచలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఆమె ఇంగ్లీషు చెప్పేవారు. ఇల్లెందులో వాళ్ళ నాయన బొగ్గుబాయిలో దిగి పనిచేసినవాడు. మేడమ్ పొట్టిగా ఉండేవారు. బోర్డు పై భాగం అందక కింద సగంలోనే రాసేవారు. వెనక బెంచీల వాళ్ళు కనపడటం లేదని గొడవ చేస్తే “ముంగటికొచ్చి కూసోన్రి, ఖాళీలున్నయ్ గదా” అనేవారు. టైమ్‌టేబుల్లో ఆమె పేరు ఒట్టి ‘ప్రమీల’ అని ఉండేది. ముందూ వెనకా ఏమీ లేదు. మొదటి వారమంతా క్లాసులో సగం మంది ఆమె ఇంటిపేరు కనుక్కోవడానికే తంటాలు పడ్డారు. నేనూ పడ్డాను. మా అమ్మ ఫోనులో రెండో రోజే అడిగింది, “ఇంగ్లీషు మేడమ్ మనోళ్ళేనా?” అని.

మా వాళ్ళు తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి తల్లాడ దగ్గర పొలాలు కొనుక్కుని స్థిరపడినవాళ్ళు. ఇంట్లో ‘మనోళ్ళు’ అనే మాట ఉప్పులా అన్నిట్లోనూ పడేది. డాక్టరు మనోళ్ళేనా, ఎరువుల కొట్టు మనోళ్ళదేనా, బస్సులో పక్క సీటావిడ మనోళ్ళలా ఉందే. మనోళ్ళంటే మన కులం వాళ్ళని నాకు ఎవరూ విప్పి చెప్పలేదు. అమ్మ, నాన్న అనే మాటలకు అర్థం చెప్తారా? అదీ అంతే.

ఆఖరి సంవత్సరం వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒకనాడు మేడమ్ రెండు వ్యాసాల జిరాక్సులు తెచ్చారు. రెండూ అమెరికాలో నల్లవాళ్ళ మీద చూపే వివక్ష గురించి. రెండూ ఇంగ్లీషులో నల్లజాతి రచయితలు రాసినవే. ఇద్దరి పేర్లూ ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. ఎందుకు మేడమ్ అని ఎవరో అడిగారు. “పేరు చూస్తే మీరు ఇంటిపేరు ఎతుకుతరు. ఇంటిపేరు దొరికితే ఇగ పాఠం సదవరు” అన్నారు. మేం నవ్వాం. దొంగలు దొరికినప్పుడు నవ్వే నవ్వు అది. ఆ ఇద్దరూ ఎవరో ఆమె చివరిదాకా చెప్పలేదు. నేనూ తర్వాత వెతకలేదు. ఈ ఒక్క విషయంలో నా ఆరాటాన్ని నేనే కట్టేసుకున్నాను.

మొదటి వ్యాసం రాసినాయన ఒకప్పుడు పోస్ట్‌మాన్. తన ఊరివాళ్ళను నిలబెట్టి అడుగుతున్నట్టు రాశాడు. మీ ఉత్తరాలు మోశాం, మీ పెళ్ళి కబుర్లూ చావు కబుర్లూ మీకంటే ముందు మా భుజం మీదికే వచ్చాయి, మీ గుమ్మాలన్నీ మాకు తెలుసు, ఒక్క గుమ్మమైనా దాటనిచ్చారా అని. కథ లేదు. కన్నీళ్ళు లేవు. మొదటి నుంచి చివరిదాకా ‘మీరు, మీరు’ అని వేలు చూపించడమే. రెండో వ్యాసం ఒకావిడది. వాళ్ళమ్మ ఒక పెద్ద హోటలు బల్లల మీద పరిచే గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి, చిరుగులు కుట్టి పంపేది. కూతురు పెద్దదై, ఉద్యోగం వచ్చాక అదే హోటలుకు వెళ్తే బల్లలు ఖాళీ లేవన్నారు. బయటికి వస్తూ కిటికీలోంచి చూస్తే, ఖాళీగా ఉన్న ఒక బల్ల మీద తన తల్లి చేతికుట్టు కనపడింది. తల్లి కుట్టు లోపల ఉంది, తను బయట ఉంది. అంతే, ఇంకేమీ వాదించదు ఆవిడ.

“ఇద్దరిల ఎవలు మిమ్మల్ని ఒప్పించిన్రు? ఎట్ల ఒప్పించిన్రు? ఊకె మంచిగున్నదని రాస్తె మార్కులెయ్య” అన్నారు మేడమ్. నాకు క్షణం కూడా పట్టలేదు. రెండో ఆవిడే. మొదటాయనకు కోపమెక్కువ, ఎదురుగా నిలబడి తగువు పెట్టుకుంటాడు, రెండో ఆవిడ పక్కన కూర్చుని చెప్తుంది అని రాశాను. ఈ ‘ఎదురుగా, పక్కన’ అన్న పోలిక నాకు భలే నచ్చింది. మేడమ్‌కు కూడా నచ్చింది. క్లాసులో చదివి వినిపించారు. తర్వాత అడిగారు, “పక్కన కూసున్నామె లేచి పోతాంటే నీకు తెలుస్తదా?” అని. నాకు అర్థం కాలేదు. పొగిడారనే అనుకున్నాను.

ఆ తర్వాతి పని తర్జుమా. రెండు వ్యాసాలూ తెలుగు చేసుకు రమ్మన్నారు. “ఇంగ్లీషుల ‘వి’ అంటే ఒక్కటే మాట. అందరు దాంట్లనే దాస్కోవచ్చు. మన భాషల రెండున్నయి. మనం అంటే ఇనేటోళ్ళు కూడ లోపల ఉంటరు. మేము అంటే బయట ఉంటరు. ప్రతి ‘వి’ కాడ ఆగి, ఎవలెవలు లోపలున్నరో చూసి రాయాలె” అన్నారు. బోర్డు కింది సగంలో ఆ వాక్యం రాశారు కూడా.

మూడో బెంచీలోంచి జోగమ్మ లేచింది. జోగమ్మది భద్రాచలం దాటి లోపలికి వెళ్తే వచ్చే కోయగూడెం. పేరు వాళ్ళ నాయనమ్మది. మూడేళ్ళలో ఆమె క్లాసులో తనంతట తాను లేవడం నేను చూడటం అదే మొదటిసారి. “మేడమ్, మన భాష అంటే ఏ భాష?” అని అడిగింది. ఎదురు మాటలా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. “మా కోయ భాషల కూడ రెండున్నయ్. ఇనేటోళ్ళున్న మాట ఒకటి, లేని మాట ఒకటి.”

మేడమ్ బోర్డు వైపు తిరిగారు. తర్వాత ఎర్ర సుద్దముక్క తీసి, తాను రాసిన ‘మన భాష’లో ‘మన’ చుట్టూ సున్నా చుట్టారు. పక్కన ‘ఎవరెవరు?’ అని రాశారు. “తప్పు నాదే బిడ్డా. రా, మీ రెండు మాటలు బోర్డు మీద రాయి” అన్నారు. జోగమ్మ వచ్చి తెలుగు అక్షరాల్లో రాసింది. మేడమ్ ఆ మాటల్ని రెండు మూడుసార్లు పలికి, పలకడం సరిగ్గా ఉందా అని జోగమ్మనే అడిగి దిద్దుకున్నారు. ఒక లెక్చరర్ విద్యార్థి దగ్గర నోరు తిప్పడం నేర్చుకుంటుంటే క్లాసులో కిసుక్కుమన్నవాళ్ళూ ఉన్నారు. నేను నవ్వలేదు. నేను మంచిదాన్నని నాకు అప్పుడు గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే తర్జుమా చేశాను. రెండో ఆవిడది బాగానే వచ్చింది. మొదటాయన దగ్గర చెయ్యి ఆడలేదు. ‘మేము’, ‘మీరు’ అని రాస్తూపోతే ఎవరింటి మీదికో తగువుకు వెళ్ళినట్టుంది. మర్యాదగా ఉంటుందని ‘మేము’ బదులు ‘మనం’ అని, ‘మీరు’ బదులు ‘కొందరు’ అని మార్చేశాను. ‘మనం ఉత్తరాలు మోశాం, కొందరి గుమ్మాలు దాటలేకపోయాం’ అని వచ్చింది. చదువుకుంటే చల్లగా ఉంది. వారం తర్వాత కాగితాలు తిరిగి వచ్చాయి. ప్రతి ‘మనం’ చుట్టూ ఎర్రసిరా సున్నా, ప్రతి సున్నా పక్కన ‘ఎవరెవరు?’. చివర ఒక్క వాక్యం రాశారు, ‘ఈ మనంలో నువ్వున్నావా?’ అని. తప్పంటే తప్పనాలి, ఒప్పంటే ఒప్పనాలి, ఈ ప్రశ్నలేమిటని విసుక్కుని కాగితాలు పెట్టెలో పడేశాను.

ఇంతలో జోగమ్మకు ఇబ్బంది వచ్చింది. ఆమె అప్పటిదాకా అక్కాబావల దగ్గర, కంపెనీ కాలనీ క్వార్టర్లో ఉండి చదువుకునేది. బావకు బదిలీ అయింది. క్వార్టరు ఖాళీ చేయాలి. హాస్టల్లో సీట్లు నిండిపోయాయి. గూడెం నుంచి రోజూ వచ్చిపోవడం జరిగే పని కాదు. ఇంకో ఐదు నెలలు పాల్వంచలో తల దాచుకునే చోటు దొరికితే డిగ్రీ, లేకపోతే లేదు. వాళ్ళ గూడెంలో అప్పటికి డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

నేను ఉండేది మా అమ్మ పెదనాన్న కూతురు రాజ్యం పిన్ని ఇంట్లో, మేడ మీద గదిలో. బాబాయి పోయాక పిన్ని ఒక్కతే కింద ఉండేది. నా గదిలో రెండో మంచం ఖాళీగానే ఉంది. పిన్నిని ఒప్పిస్తే చాలు. ఒప్పించడమెలాగో నేను చదువుకున్నాను కదా. ఒక సాయంత్రం పిన్ని గోరుచిక్కుళ్ళు వలుస్తుంటే పక్కన కూర్చుని, రెండో ఆవిడ వ్యాసం నా తెలుగులో చదివి వినిపించాను. కిటికీలోంచి కుట్టు కనపడే చోటికి వచ్చేసరికి పిన్ని చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“పాపం, ఆ తల్లి ఎన్ని రాత్రులు కూర్చుని కుట్టిందో. మనుషులకి అంత పాడుబుద్ధి ఎందుకుంటుందో సునీతా” అంది.

నాకు ఒళ్ళు పులకరించింది. ఇదే అదననుకుని, “పిన్నీ, నా క్లాసుమేటు ఒకమ్మాయికి గది దొరకటం లేదు. నాతో ఉంటుంది, పరీక్షల దాకా” అన్నాను.

పిన్ని ముక్కు తుడుచుకుని, అదే కొంగు భుజం మీద సర్దుకుంటూ, “దానికేం, ఉండనీ. మనోళ్ళేనా?” అంది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ క్షణం నాకు కళ్ళ ముందుంది. ఆమె కనురెప్పలు ఇంకా తడిగానే ఉన్నాయి. నేను చెప్పగలిగిన సమాధానాలు చాలా ఉన్నాయి. నేను చెప్పింది మాత్రం, “ఆ, మనోళ్ళే పిన్నీ” అని. చెప్పి, లోపల గర్వపడ్డాను కూడా. మనం అంటే అందరూ లోపలే కదా, నేను అబద్ధమాడలేదు, ఆ మాటను పెద్దది చేశాను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తెలివి ఎక్కువైన పిరికితనం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ సాయంత్రం నన్ను చూడాల్సింది.

జోగమ్మ వచ్చింది. పిన్నికి బాగా నచ్చింది. పొద్దున్నే లేచేది, వాకిలి ఊడ్చేది, ఎక్కువ మాట్లాడేది కాదు. పిన్ని ఆమెకు ఒక కంచం, ఒక స్టీలు గ్లాసు కేటాయించింది. గ్లాసు మీద పిన్ని వాళ్ళ ఇంటిపేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉండేది. జోగమ్మ ఇంటికి ఫోను చేసుకునేటప్పుడు నేను వెళ్ళి తలుపు వేసేదాన్ని. కోయ మాటలు కిందికి వినపడకూడదని. చలిగాలి వస్తోందని చెప్పేదాన్ని. ఆమె నన్ను ఒకసారి చూసి ఊరుకునేది.

నెల దాటాక ఒక ఆదివారం, భోజనాల దగ్గర పిన్ని మామూలుగా అడిగింది, “మీ ఇంటిపేరేంటమ్మా, ఎప్పుడూ అడగనేలేదు” అని. జోగమ్మ నోరు తెరిచేలోపు నేనే ఒక ఇంటిపేరు చెప్పేశాను. సత్తుపల్లి వైపు మా వాళ్ళలో ఉండే ఇంటిపేరు. “అలాగా, అయితే మనకి దూరపు చుట్టరికం కూడా ఉండొచ్చు” అని పిన్ని సంబరపడి ఇంకో గరిటె పప్పు వేసింది. జోగమ్మ ఆ పప్పు తినకుండా చెయ్యి కడుక్కుంది.

పైకి వచ్చాక తలుపు ఈసారి తనే వేసింది. “నేనెవలినని చెప్పినవ్ మీ పిన్నికి?” అని అడిగింది. చెప్పాను. ‘మనోళ్ళు’ అన్న మాటకు నేను చెప్పుకున్న అర్థం కూడా వివరించాను. క్లాసులో చెప్పినట్టే బాగా వివరించాను. చివరిదాకా విన్నది.

“నన్ను అడిగినవా?” అంది.

“నీ కోసమే కదా జోగమ్మా.”

“నువ్వు నన్ను లోపలికి తీస్కరాలే. నన్ను బయట నిలబెట్టి, నా అసొంటి పిల్లనొకదాన్ని తయారుచేసి లోపల కూసోబెట్టినవ్. నెల రోజుల సంది మీ పిన్ని ఆ పిల్లకే అన్నం పెట్టింది. నేను ఇంత వరకు ఈ ఇంట్ల తినలే.”

అరవలేదు, ఏడవలేదు. పక్క పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు నిజంగా కోపం వచ్చింది. మేలు చేసిన నా మీద అరుస్తోందని. అరవకపోయినా నాకు అరిచినట్టే ఉంది.

మర్నాడు పిన్ని ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పొద్దున్నే వరండాలో అడ్డాకు విస్తళ్ళ కట్టలు విప్పి, ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడుస్తోంది. అడవిలో తీగకు వచ్చే ఆ ఆకుల్ని పుల్లలతో కుట్టి చేసే విస్తళ్ళు. తడి తగలగానే వరండా అంతా ఆకు వాసన వచ్చింది. జోగమ్మ తలారా స్నానం చేసి దిగింది. నేను వెనకాలే మెట్ల మీద ఉన్నాను. అప్పటిదాకా నేను చెప్పినట్టు పిన్నీ అని పిలిచేది. ఆ రోజు అలా పిలవలేదు.

“అమ్మా, ఒక మాట చెప్పాలె. నిన్న సునీత చెప్పింది అబద్ధం. ఆ ఇంటిపేరు మాది కాదు. మేం కోయోళ్ళం. గీ ఇస్తరాకులు మా దిక్కు అడివిల కోసినయే. మా అమ్మ గివే కుడ్తది.”

పిన్ని చేతిలో గుడ్డ ఆకు మీదే ఆగింది. ఆకును చూసింది, ఆ పిల్లను చూసింది, మెట్ల మీద నన్ను చూసింది. “నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?” అంది.

“మీరు నన్ను అడగలే. ఆమెను అడిగిన్రు. ఆమె నన్ను అడగలే.”

పిన్ని ఆ ఆకును కట్ట మీద పెట్టి, “వ్రతం అయ్యాక భోంచేసి వెళ్ళు” అంది. ఉండమనలేదు. వెళ్ళమనీ అనలేదు, కానీ వెళ్ళడం ఆ మాటలోనే ఉంది. జోగమ్మ వద్దమ్మా అని చెప్పి, బ్యాగు తీసుకుని గేటు వేసి వెళ్ళిపోయింది. నేను మెట్ల మీదే నిలబడ్డాను. మధ్యాహ్నం పాతికమంది ఆ విస్తళ్ళలో భోంచేశారు. పులిహోర బాగా కుదిరిందన్నారు. అందరూ వెళ్ళాక పిన్ని నాతో, “ఆ పిల్ల నన్ను మోసం చెయ్యలేదు. నువ్వు చేశావు” అంది. జోగమ్మ తాగిన గ్లాసును, కంచాన్ని పెరటి కుళాయి పక్క గోడ మీద పెట్టింది. తోమడానికి కాదు. అవి అక్కడే ఉండిపోయాయి.

జోగమ్మ ప్రమీల మేడమ్ ఇంటికి వెళ్ళిందని తెలిసి నేనూ వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. లోపలి గదిలోంచి జోగమ్మ బయటికి రాలేదు. మేడమ్ తిడతారని సిద్ధపడి వెళ్ళాను. ఆమె చాయ్ పోసి ఇచ్చి, “ఎట్ల జరిగిందో మొత్తం చెప్పు, ఏం దాయకు” అన్నారు. చెప్పాను. పిన్ని ఏడ్చిందని చెప్పినప్పుడు ఆపి, ఎక్కడ ఏడ్చింది, ఏమని ఏడ్చింది అని రెండుసార్లు అడిగారు. ఆమెకు నా మీద కోపం కంటే ఆ ఏడుపు మీద ఆసక్తి ఎక్కువుంది. అది నాకు అప్పుడు కొంచెం బాధనిపించింది కూడా.

“సదివి ఏడ్చినోళ్ళు మారినట్టు కాదమ్మా. ఇంట్ల ఒక్క గిన్నెనన్న జాగ మారాలె. అప్పుడు ఒప్పించినట్టు” అన్నారు. “నీ పోస్ట్‌మాన్ తర్జుమా ఏమైంది?”

పెట్టెలో ఉందన్నాను.

“దాంట్ల ‘మనం ఉత్తరాలు మోశాం’ అని రాసినవ్. మీ పిన్ని మోసిందా సంచి? నువ్వు మోసినవా? అందరం మోసినమంటే ఇగ తలుపులేసుకున్నదెవలు? ఆ ‘కొందరు’ ఏ ఊళ్ళె ఉంటరు? ఆయన మీరు అన్నడు. నువ్వు ఆయన నోట్లెకెళ్ళి ఆ మాట తీసేసినవ్. మళ్ళ చెయ్యి. చేసి, దాన్ని కూడ మీ పిన్నికి వినిపియ్యి.”

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే మేడమ్ గుమ్మం దాకా వచ్చారు. మీరు మనోళ్ళేనా అని నా చూపులు మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాయని ఆమెకు తెలుసనుకుంటాను. “నువ్వు నా ఇంటిపేరు ఎప్పుడు అడగలే. మంచి పని చేసినవ్. కానీ ఎతికినవ్” అని నవ్వారు.

ఆ తర్జుమా మళ్ళీ చేయడానికి నాకు పది రోజులు పట్టింది. పేజీన్నర వ్యాసం. ప్రతి ‘మేము’ దగ్గరా చేయి ఆగింది. ‘మేము’ అని రాసిన వెంటనే ఆ మాటలోంచి నేను బయటికి వచ్చేస్తున్నాను. గుమ్మం లోపలున్నది నేను, మా అమ్మ, పిన్ని. సంచి మోస్తూ నిలబడినది ఆయన. మనం అన్నప్పుడు తప్పు ఎవరిదీ కాకుండా పోయింది. మేము, మీరు అనగానే దానికో చిరునామా వచ్చింది. నేను కోపమనుకున్నది కోపం కాదు. ఆయన నన్ను లోపలికి లాక్కోవడం లేదు, తన బాధలో నాకు వాటా ఇచ్చి ఓదార్చడం లేదు. నా గుమ్మంలో నన్ను నిలబెట్టి, జవాబు చెప్పగల మనిషిగా చూస్తున్నాడు. ఎదురుగా నిలబడటం కూడా ఒక మర్యాదేనని నాకు అప్పుడు తెలిసింది.

పిన్నికి చదివి వినిపించాలంటే భయం వేసింది. అయినా వినిపించాను. ఆమె ఏడవలేదు. సగంలోనే ముఖం ఎర్రబడింది.

“ఎవరినే వాడు మీరు, మీరు అంటున్నాడు?”

“చదివేవాళ్ళని పిన్నీ.”

“చదివేది నువ్వు, వినేది నేను. నన్నేగా?”

పిన్ని వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తి కుదేసింది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఒప్పించడం మాట అటుంచి, ఉన్న గది కూడా ఊడేలా ఉందనుకున్నాను.

వారం గడిచింది. ఒక పొద్దున పెరట్లో ముఖం కడుక్కుంటుంటే గోడ మీద ఖాళీగా కనపడింది. గ్లాసు లేదు. కంచం లేదు. వంటింట్లో చూస్తే రెండూ స్టాండులో, మిగతా వాటి మధ్యలో ఉన్నాయి. పిన్ని పొయ్యి దగ్గర వెనక్కి తిరగకుండానే, “ఎండకి మసకబారిపోతున్నాయని తెచ్చా” అంది. ఆ రోజు ఆమె కాఫీ తాగింది ఆ గ్లాసులోనే. చూసుకుని తాగిందో, చేతికి దొరికింది తాగిందో నాకు తెలియదు. అడగలేదు.

పరుగెత్తుకుంటూ వెళ్ళి మేడమ్‌కు చెప్పాను. ఇద్దరిలో ఎవరి వల్ల జరిగింది మేడమ్, ఏడిపించిన ఆవిడ వల్లనా, కోపం తెప్పించిన ఆయన వల్లనా అని అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించారు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు ఆలోచించారు. “ఆమె రాయకపోతె మీ పిన్ని ఆయన్ని సగం దాక కూడ ఇనకపోయేది. ఆయన రాయకపోతె ఆమె కోసం ఏడ్చి మర్చిపోయేది. కానీ ఇద్దరి నడుమ ఒక పిల్ల పొద్దుగాల మెట్లు దిగి, మేం అని చెప్పింది చూడు. అది నువ్వు లెక్కల ఏస్తలేవు” అన్నారు. తర్వాత లోపలి గది వైపు తిరిగి, “జోగమ్మా, ఇన్నవా?” అని కేకేశారు. లోపలి నుంచి “ఆఁ” అని మాత్రం వచ్చింది.

జోగమ్మ మేడమ్ ఇంట్లోనే ఉండి పరీక్షలు రాసింది, పాసైంది. నాతో మాట్లాడటానికి ఆఖరి పరీక్ష దాకా పట్టింది. ఆ రోజు హాలు బయట, “నీ రెండో తర్జుమా సదివిన. మేడమ్ ఇచ్చింది. గిప్పుడు ఆయన మాట ఆయనకొచ్చింది” అంది. క్షమించానని చెప్పలేదు. నేనూ ఆ మాట అడగలేదు. తర్వాత ఎప్పుడో బీఈడీ రోజుల్లో ఒక ఫోను, కొన్నాళ్ళకు ఇంకోటి. ఇప్పుడు వాళ్ళ వైపే ఒక బడిలో టీచరు. ఒకటో తరగతి పిల్లలకు కోయలో మొదలుపెట్టి తెలుగులోకి తీసుకువెళ్తుందట.

జిరాక్స్ షాపు నుంచి వచ్చిన ఆ సాయంత్రమే ఆమెకు ఫోను చేశాను. సిగ్నల్ కోసం బడి వెనక గుట్ట ఎక్కి తనే మళ్ళీ చేసింది. గాలి హోరు వినపడుతోంది.

“మేడమ్ మీద రాయమన్నారు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయా” అన్నాను. “ప్రమీల గారు మన మేడమ్ అని రాయనా, మా మేడమ్ అని రాయనా? నిన్ను అడగకుండా రాయకూడదనుకున్నా.”



“సదివేటోళ్ళు ఆమెను చూసిన్రా?” అని అడిగింది.

“లేదు. ఇప్పుడు చదివే పిల్లలెవరూ చూడలేదు.”

“మరి ‘మన’ అని ఎట్ల రాస్తవ్? ‘మా’ అని రాయి” అంది. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. “ఆ ‘మా’ల నేనున్న. నువ్వు కూడ ఉన్నవ్” అంది.

మూడు వారాలుగా రాని వాక్యం నాలుగు మాటల్లో రాశాను. ప్రమీల గారు మా మేడమ్. పెట్టెలోంచి ఎర్రపెన్ను తీసి ‘మా’ చుట్టూ సున్నా చుట్టాను. పక్కన ఖాళీలో ‘ఎవరెవరు?’ అని రాసి, దాని కింద జవాబు కూడా రాసుకున్నాను. జోగమ్మ, నేను.